ముహూర్తం చీర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం. వక్త 1986 పదో తరగతి బ్యాచ్)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "అమెరికాలో మనవాళ్ళ పెళ్ళిళ్ళు ఎట్లా జరుగుతాయో పది నిమిషాలు చెప్పండక్కా" అన్నారు. పెళ్ళిళ్ళ గురించి చెప్పాలంటే పది నిమిషాలు ఏ మూలకూ చాలవు. అందుకని ఒక్క చీర గురించి చెబుతాను. మా అమ్మాయి పెళ్ళి 2023లో న్యూజెర్సీలో చేశాం. ఆ పిల్లకి ముహూర్తం చీర కొనడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

ధర్మవరంలో పుట్టినదానికి పట్టుచీర కొనడం ఇంత కష్టమా అని ముందు వరసలో అప్పుడే నవ్వుతున్నారు. నవ్వండి. మనం బడికి వచ్చే దారిలో రెండు పక్కలా మగ్గాల చప్పుడే కదా. ఆ చప్పుడు ఆగిందంటే పండగైనా అయి ఉండాలి, ఆ వీధిలో ఎవరైనా పోయైనా ఉండాలి. అంత దగ్గరగా పెరిగినా చీర చూసి కొనడం నాకు రాదు. మా నాన్నది గుమాస్తా ఉద్యోగం. ఆయన తెచ్చింది అమ్మ కట్టుకునేది, అమ్మ పెట్టింది నేను కట్టుకున్నాను.

న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఓక్ ట్రీ రోడ్డు అని ఉంది. చీరల షాపులు, నగల షాపులు, మిఠాయి షాపులు వరసగా ఉంటాయి. మనవాళ్ళు శనివారం వస్తే చాలు అక్కడ వాలిపోతారు. కారు పెట్టడానికి చోటు దొరికేసరికే సగం ఓపిక అయిపోతుంది. మేమూ వెళ్ళాం. ఒక షాపులో "కంచి పట్టు, చేనేత" అని చూపించారు. 450 డాలర్లు. అమ్మాయి మొహం చూశాను, బాగుందంది. కొన్నాం.

ఇంటికొచ్చాక చీర ఒళ్ళో వేసుకుంటే ఎందుకో మనసొప్పలేదు. కొంగు చివర కుచ్చుల్లోంచి నాలుగు పోగులు లాగి, వంటింట్లో అగ్గిపుల్ల గీసి అంటించాను. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన రావాలి, మిగిలిన మసి వేళ్ళతో నలిపితే పొడైపోవాలి. అంతవరకు చిన్నప్పుడు విన్నదే. ఈ పోగులు కరిగి గట్టి పూసలాగా ముద్దకట్టాయి. అదే సమయానికి ఇంట్లో పొగ అలారం మోగింది. మా ఆయన పరుగెత్తుకొచ్చి "ఏమైంది?" అంటే, "450 డాలర్లు కాలిపోతున్నాయి" అన్నాను. వెనక్కి తీసుకోమని షాపుకి వెళితే, అమ్మిన సరుకు వాపసు తీసుకోమని రసీదు వెనక అచ్చువేసి ఉంది, చూపించారు.

అప్పుడు మా అమ్మాయి మామూలుగా ఒక మాట అంది. "నీది చీరల ఊరు కదమ్మా, అక్కడ నేసేవాళ్ళు నీకు ఎవ్వరూ తెలీదా?"

తెలుసు. ఎనిమిదో తరగతిలో నా పక్కన కూర్చున్న అమ్మాయి. పేరు చెప్పొద్దంది కాబట్టి చెప్పను. మా బ్యాచ్‌వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, లెక్కల సారు ప్రశ్న పూర్తిచేసేలోపు జవాబు చెప్పేది. "పోగులు లెక్కపెట్టే చెయ్యి, దీనికి ఎక్కాలు ఒక లెక్కా" అనేవారు సారు. తొమ్మిదో తరగతి అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక బడికి రావడం మానేసింది. వాళ్ళ నాన్నకి జబ్బు చేసింది, మగ్గం దగ్గర రెండో మనిషి కావాలి. నేను పదో తరగతి, ఇంటరు, డిగ్రీ, అమెరికా. నలభై ఏళ్ళలో ఆమెతో మాట్లాడింది రెండుసార్లు, అదీ పెళ్ళిళ్ళలో.

మా పిన్ని కొడుకు ద్వారా నంబరు సంపాదించి చేశాను. మాకూ మీకూ చలికాలంలో పదిన్నర గంటల తేడా. అక్కడ రాత్రి తొమ్మిది, ఇక్కడ పొద్దున ఏడున్నర. "ఎట్లుండావు మే? ఇన్నేండ్లకు గుర్తొచ్చినానా?" అంది. చెప్పాను. "నీ బిడ్డకు నేను నేసిస్తా" అంది, ఇంకేమీ అడగలేదు.

ఇక్కడ ఒక సంగతి, పిల్లల పెళ్ళిళ్ళు చేయబోయేవాళ్ళు వినండి. వీడియోలో రంగు నమ్మకండి. నేను మిరపపండు ఎరుపు అంటాను, ఆమె పట్టు కండె ఫోను ముందు పెడుతుంది, నా తెర మీద అది కాసేపు నారింజ, కాసేపు వంగపండు. చివరికి ఆమె అయిదు రకాల ఎర్ర పోగులు ఒక కాగితానికి అతికించి, చదువుకోవడానికి అటు వస్తున్న ఒక కుర్రాడి చేతికి ఇచ్చి పంపింది. పగటి వెలుతురులో అమ్మాయి మెడ దగ్గర పెట్టి చూసి, మూడోది అన్నాం. జరీ సంగతీ ఆమే నేర్పింది. అసలైన వెండి జరీ అయితే గీకి చూస్తే లోపల ఎర్రటి పట్టుపోగు కనబడుతుందట. సిల్క్ మార్కు చీటీ ఉంటే పట్టు నిజమని అర్థం, అంతే, అది చేత్తో నేసిందా కరెంటు మగ్గం మీద నేసిందా చెప్పదు. దానికి హ్యాండ్‌లూమ్ మార్కు వేరే ఉంది. నేసేటప్పుడు బట్ట బిగువుగా ఉండటానికి అంచుల్లో ముళ్ళు గుచ్చుతారు కాబట్టి చేనేత చీర అంచున సన్నటి చిల్లులు కనబడతాయి. ఓక్ ట్రీ రోడ్డు వెళ్ళకముందే ఇవన్నీ నాకు తెలిసుంటే!

అంచు మీద ఏం వేయాలని అడిగింది. ఏడో తరగతిలో మనల్ని లేపాక్షి తీసుకెళ్ళారు, గుర్తుందా? లతామంటపం స్తంభాల మీద తీగలు, పువ్వులు. మన చీరల అంచుల్లో చాలావరకు అక్కడివేనంటారు. ఆ రోజు మేమిద్దరం ఒక స్తంభం దగ్గర టిఫిన్ డబ్బాలు విప్పుకున్నాం. "ఆ తీగ వెయ్యి" అన్నాను. "ఏ తీగ అని చెప్పాల్నా" అంది.

ఇక ధర. ఆమె ముప్పై రెండు వేలు అంది. నేను, నలభై ఏళ్ళ స్నేహం ఉంది కదా అని, "రొంత తగ్గించు మే" అన్నాను. అది మనకి ఊపిరి తీసుకున్నంత అలవాటు. కాసేపు మాట్లాడలేదు. తరువాత "సరే, ఇరవై ఎనిమిది ఇయ్యి" అంది. ఫోను పెట్టేసి మా ఆయనతో గొప్పగా చెప్పాను కూడా, నాలుగు వేలు తగ్గించానని.

చీర మా పిన్ని కొడుకు పెట్టెలో వచ్చింది. జాకెట్టుది ఇంకో పురాణం. పెళ్ళికి పది రోజుల ముందు కుట్టి తెచ్చిన జాకెట్టు చెయ్యి మోచేతి దాకా ఎక్కలేదు. అక్కడి దర్జీ లోపల మడత ఒక్క అంగుళం కూడా వదలలేదు మరి. విప్పి, సంక కింద చీర రంగు ముక్క వేయించి, మొత్తం 90 డాలర్లు. పెళ్ళి బాగా జరిగింది. పెళ్ళికూతురి చేతులకు గోరింటాకు పెట్టిన అమ్మాయికి ఆ ఒక్క మధ్యాహ్నానికి 350 డాలర్లు ఇచ్చాం. అందరూ అంతే ఇస్తారు, బేరం ఆడాలని కూడా తోచలేదు.

ఈ సభ కోసం వచ్చి, మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. పెళ్ళి ఫోటోలు తీసుకెళ్ళాను. ఆమె ఫోటోలో పిల్ల మొహం తరువాత చూసింది, ముందు అంచు చూసింది. మగ్గం గుంతలోంచి లేవడానికి గోడ పట్టుకోవాల్సి వస్తోంది, మోకాళ్ళు. మాటల్లో అడిగాను, ఆ చీరకి ఎన్ని రోజులు పట్టిందని. "ఇరవై నాలుగు దినాలు. నేను, ఆయన. కండెలు మా అత్త చుట్టింది." మామూలుగా సావుకారు పట్టు, జరీ ఇచ్చి, చీరకింతని కూలి కట్టిస్తాడు. నా చీర సొంతంగా నేసింది కాబట్టి సరుకు ఆమే అప్పుమీద తెచ్చుకుంది. పట్టుకి, జరీకి, రంగులకి పదిహేడు వేలు. ఇరవై ఎనిమిదిలోంచి పదిహేడు తీస్తే పదకొండు. ఇరవై నాలుగు రోజులు, ఇద్దరు మనుషులు. రోజుకి మనిషికి 230 రూపాయలు కూడా లేవు. నేను తగ్గించిన నాలుగు వేలు అప్పటి లెక్కలో 48 డాలర్లు. మొత్తం చీర ధర 340 డాలర్లు కూడా కాదు, గోరింటాకు కంటే తక్కువ.

ఎందుకు ఒప్పుకున్నావే అన్నాను. "నువ్వు అడిగితివి, ఇస్తిని. అడగనోళ్ళు ఎవురుండారు?" అంది. కోపంగా కాదు. ఆ నాలుగు వేలు తీసి చేతిలో పెట్టబోయాను. "ఇప్పుడెందుకు మే? బేరం ఆ దినమే అయిపాయ కదా" అని నా చెయ్యి పక్కకి తోసి, కాఫీ కలపడానికి లోపలికి పోయింది. రెండోసారి పెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

వచ్చేటప్పుడు ఆదివారం సభకి రమ్మన్నాను. "నాకెవురు చెప్పినారు? నేను మీ సంఘంలో లేను కదా" అంది. నేను కార్యదర్శిగారిని అడిగాను. ఆయన తప్పేమీ లేదు, నిబంధన అట్లా ఉంది. పదో తరగతి పాసైనవాళ్ళకే సభ్యత్వం. తొమ్మిదేళ్ళు ఈ బడిలోనే చదివి, మగ్గం పిలిచిందని మధ్యలో పోయినవాళ్ళు మన జాబితాలో లేరు. నాకు తెలిసి మా ఒక్క సెక్షనులోనే పదకొండు మంది.

నేను ఆమె పేరుతో సభ్యత్వం దరఖాస్తు నింపాను, రుసుము కట్టాను. అందులో "ఉత్తీర్ణులైన సంవత్సరం" అని ఒక గడి ఉంది, అది ఖాళీగా వదిలేశాను. భోజనాల తరువాత సర్వసభ్య సమావేశం ఉంది. ఆ గడి తీసేసి "చదివిన సంవత్సరాలు" అని పెట్టమని నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవాళ్ళు అప్పుడు చెయ్యెత్తండి. దరఖాస్తు మీద ఆమె సంతకం ఇంకా కాలేదు. ఇల్లు ఇక్కడికి మూడు వీధులు. వార్పు మగ్గం మీద ఉంది కాబట్టి సాయంత్రం దాకా లేవదు, మనమే వెళ్ళాలి. వచ్చేవాళ్ళు నాలుగు గంటలకి గేటు దగ్గర ఉండండి.