వినోదవనమున భోజనము – తిండికి పేచీపెట్టు బిడ్డ

అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున 1971లో వెలసిన డిస్నీ వరల్డు అను వినోదవనమునకు మా కుమారుని కుటుంబముతో పోయితిని. అందలి ఎప్‌కాట్ అను భాగమున 11 దేశముల మండపములు, వాని వంటకములు కలవు. అయినను మా అయిదేండ్ల మనుమడు పెరుగన్నము, అరటిపండు తప్ప వేరొకటి ముట్టడు. మధ్యాహ్నమున ఆకలికి ఏడ్చుచుండగా నేను కోపించి వాని నోట ముద్ద కుక్కితిని. వాడు కక్కుకొనెను.

“మామయ్యగారూ, బలవంతపెట్టినకొలది వానికి తిండియన్న భయము హెచ్చును” అని కోడలు మెల్లగా చెప్పినది. నేను సిగ్గుపడితిని.

రెండు మొదలు ఆరేండ్ల ప్రాయమున క్రొత్త తిండిని శంకించుట సహజము. పది, పదునైదు మారులు ఎదుట పెట్టినగాని కొందరు బిడ్డలు రుచిచూడరు. ఆ వనమున ఇంటి తిండిని కొనిపోనిత్తురు; గాజుపాత్రలు, మద్యము మాత్రము కూడవు. మరునాడు బసలో కలిపిన పెరుగన్నమును వెంట తీసికొని, జనసమ్మర్దమునకు ముందే భోజనశాల చేరితిమి. వాని పళ్లెరపు అంచున క్రొత్త వంటకము కొంచెముంచి మిన్నకుంటిమి. మూడవనాడు వాడే రొట్టెముక్క త్రుంచి నోటవేసికొనెను.

పెద్దలారా! వడ్డించుట మన వంతు; ఎంత తినవలెనో బిడ్డ వంతు. పెరటిలోనైనను, పరదేశమునైనను ఇదియే నీతి.