మైకు చేతులు మారిన చోట

ఈ స్నాతకోత్సవంలో పట్టాలు అందుకుంటున్న జర్నలిజం, కమ్యూనికేషన్ విద్యార్థులకు తమ చదువు కాలంలో ఏదో ఒక బస్తీలోనో పల్లెలోనో స్వచ్ఛంద సేవ చేసే అవకాశం దొరుకుతూ ఉంటుంది కాబట్టి, ఆ సేవ వారి శాస్త్రానికి ఏమి నేర్పగలదన్న ప్రశ్నను ఈ సభలో విచారించడం సముచితం. లోకం దానిని సాధారణంగా దయాధర్మంగానో, ఉద్యోగానికి ముందు చేసే సాధనగానో లెక్కగడుతుంది. వాస్తవానికి తరగతి గదిలో చదివిన సూత్రాలు ఎంతవరకు నిలబడతాయో తేలేది అక్కడే.

వ్యవసాయం, ఆరోగ్యం, విద్య వంటి రంగాలలో మార్పు కోసం మాధ్యమాలను వినియోగించే విద్యను అభివృద్ధి కమ్యూనికేషన్ అంటారు. 1958లో డేనియల్ లెర్నర్, 1962లో ఎవరెట్ రోజర్స్ వెలువరించిన గ్రంథాలు ఈ విద్యకు తొలి పునాదులు వేశాయి. వాటి ప్రభావంతో స్థిరపడిన ఆలోచన ప్రకారం కొత్త విషయం నిపుణుడి దగ్గర మొదలై, పత్రికల ద్వారా, రేడియో ద్వారా, ఊరిలో పలుకుబడి గల కొద్దిమంది ద్వారా మిగిలినవారికి చేరుతుంది. బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రెయిరీ చిలీలో ప్రవాసంలో ఉన్న రోజులలో వ్యవసాయ నిపుణులు రైతులకు బోధించే తీరును పరిశీలించి, ఒకరి తలలోని సమాచారాన్ని మరొకరి తలలోకి ఒంపడం సంభాషణ కాజాలదని, ఇరువురూ కలిసి ఒక విషయాన్ని తెలుసుకున్నప్పుడే అది సంభాషణ అవుతుందని వాదించాడు. 1976 నాటికి రోజర్స్ కూడా ఆ పాత దృక్పథానికి కాలం చెల్లిందని రాశాడు. అయినా నేటికీ కరపత్రాలు, గోడ రాతలు, అవగాహన సదస్సులు చాలావరకు పాత పద్ధతిలోనే నడుస్తున్నాయన్నది విచారకరమైన సత్యం.

ఈ పుస్తక వివాదం పల్లెకు వెళ్లిన విద్యార్థికి చాలా మామూలు రూపంలో ఎదురవుతుంది. పగలు పదకొండు గంటలకు సమావేశం పెడితే కూలికి వెళ్లే స్త్రీలు రాలేరు. పంచాయతీ కార్యాలయంలో పెడితే ఊరి పెద్దల ముందు దళితవాడ నుంచి వచ్చినవారు నోరు విప్పడానికి వెనుకాడతారు. ముందుగా రాసుకున్న ప్రశ్నలు అడిగితే, అడిగినవారు వినాలనుకుంటున్న జవాబులే వస్తాయి. ఏ వేళకు, ఎవరి అరుగు మీద, ఎవరు ఎదురుగా లేనప్పుడు ఎవరు మాట్లాడతారో గ్రహించడమే ఈ శాస్త్రంలో మొదటి పాఠం. అది గడప గడపకూ తిరిగితే తప్ప పట్టుబడదు.

ఈ సందర్భంలో తెలుగు నేల మీద జరిగిన రెండు ఘట్టాలను వివరంగా స్మరించవలసి ఉంది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడిన తరువాత, నెల్లూరు జిల్లాలో 1991లో ‘అక్షరదీపం’ ఉద్యమం ఆరంభమై, స్వచ్ఛంద బోధకులు రాత్రిబడులలో కూలి జనానికి చదువు చెప్పారు. పాటలతో, వీధి నాటికలతో ఊరూరా తిరిగే కళాజాతా బృందాలు ఆ బడులకు జనాన్ని కూడగట్టాయి. చదువుకునేవారి కోసం తయారైన వాచకంలో సారా వల్ల ఒక పేదింటి ఇల్లాలు పడే బాధను చెప్పే ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉంది. ఆ పాఠం చుట్టూ సాగిన చర్చలో స్త్రీలు కథలోని సీతమ్మను వదిలి తమ ఇళ్ల గురించి, కూలి డబ్బు సారా దుకాణానికి తరలిపోతున్న తీరు గురించి మాట్లాడుకున్నారు. ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊరిలో వారు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఊరి రోశమ్మ పేరు ఉద్యమానికే గుర్తుగా మారింది. 1992లో స్త్రీలు సారా వేలం పాటలనే అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే సంవత్సరం అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలిపోయినప్పటికీ, ఈ ఘట్టం విలువ తగ్గదు. బడి పెట్టిన ప్రభుత్వం ఆశించింది అక్షరాస్యత. ఆ బడిలో కూర్చున్నవారు తీసుకున్నది మాట్లాడే హక్కు. సందేశం పంపినవారి ఉద్దేశాన్ని దాటి జనం దానిని తమ అవసరానికి మలచుకోవడాన్ని పాత సూత్రాలు వైఫల్యంగా లెక్కిస్తాయి గానీ, కమ్యూనికేషన్ సాధించగల అత్యున్నత ఫలితం అదే.

రెండవది జహీరాబాద్ ప్రాంతంలోని సంఘం రేడియో అనే సముదాయ రేడియో. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంతమాత్రాన పల్లెకు మైకు అందలేదు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలలోని దళిత స్త్రీలు, ఆ ప్రాంతంలోని మాచనూరులో స్టూడియో ఏర్పడిన తరువాత కూడా లైసెన్సు లేక, కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘ సమావేశాలలో వినిపించుకున్నారు. స్వచ్ఛంద సంస్థలకు సైతం అనుమతినిచ్చే విధానం 2006లో వచ్చింది; సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న ప్రసారాలు ప్రారంభించింది. సముదాయ రేడియో అంటే ఒక పరిమిత ప్రాంతపు జనం తమ కోసం తామే నడుపుకునే, లాభాపేక్ష లేని కేంద్రం. అక్కడ జొన్న, కొర్ర విత్తనాల గురించి, పశువుల జబ్బుల గురించి, పండుగల గురించి స్త్రీలు తమ యాసలోనే మాట్లాడతారు. అటువంటి కేంద్రానికి సేవ చేయబోయిన విద్యార్థి ఉచ్చారణను ‘దిద్దడం’ మొదలుపెడితే అది సేవ అనిపించుకోదు. యంత్రం పాడైనప్పుడు బాగుచేయడం, రికార్డింగులను భద్రపరచడం, అడిగినప్పుడు ఎడిటింగ్ నేర్పడం అతడి పని.

సేవలో సంపాదించిన దృశ్యాలు, గొంతులు ఎవరివన్న ప్రశ్న కూడా ఇక్కడే తలెత్తుతుంది. కెనడాలోని ఫోగో దీవిలో 1967లో కోలిన్ లో అనే దర్శకుడు, మెమోరియల్ విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం సహకారంతో తీసిన చిత్రాలను ముందుగా ఆ దీవి జనానికే చూపి, వారి సమ్మతితో ప్రభుత్వానికి చూపించారు. అరవై ఏళ్లు కావస్తున్నా ఈ మర్యాద ఇంకా అందరికీ అలవాటు కాలేదు. ఒక వృద్ధురాలి కన్నీటిని కెమెరాలో పట్టుకుని వచ్చి, దానికి మార్కులు సంపాదించి, ఆమెకు ఒక్కసారైనా చూపకపోవడం చోరీతో సమానం.

జాతీయ సేవా పథకం 1969లో 37 విశ్వవిద్యాలయాలలో ఆరంభమైన నాటి నుంచి ఎందరో విద్యార్థులను పల్లెలకు పంపింది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని నియమాలు. గంటలు లెక్కించడం పాలనకు అవసరమే గానీ, విద్యార్థి వెళ్లిపోయిన తరువాత ఆ ఊరిలో మైకు పట్టుకోగలవారు ఎందరు మిగిలారన్న లెక్క కూడా ఎవరో ఒకరు వేయాలి.

అందుచేత ఈ సభ నుంచి కమ్యూనికేషన్ విభాగాలకు ఒక విన్నపం: సముదాయంలో తీసిన ప్రతి చిత్రాన్ని, ప్రతి రికార్డింగును మార్కులు వేయడానికి ముందు అందులో మాట్లాడినవారికి చూపించాలి, వినిపించాలి, ఒక ప్రతిని వారికే అప్పగించాలి. పట్టభద్రులకు మరొక విన్నపం: హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వార్తాకార్యాలయాలలో కుదురుకున్న తరువాత కూడా, తాము పనిచేసిన ఊరికి ఏటా వెళ్లి, అక్కడివారు చెప్పేది వినడానికి సమయం కేటాయించుకోవాలి.