ఒడిలో ఆరంభమయ్యే చదువు



బిడ్డ చదువు బడిలోనే మొదలవుతుందనే భావం చాలా ఇళ్లలో స్థిరపడి ఉంది. అందువల్ల అక్షరం రాని తల్లిదండ్రులు, అది తమవల్ల అయ్యే పని కాదని తొలగిపోతారు. చదువుకున్న వారు తొందరపడి మూడో ఏటనే పలక ఇచ్చి దిద్దిస్తారు. రెండూ పొరపాట్లే. పఠనానికి పునాది చెవి. అక్షరం తర్వాతి మెట్టు.

గుజరాత్‌లోని భావనగర్‌లో గిజూభాయి బధేకా ఈ సత్యాన్ని ఆచరణలో చూపారు. న్యాయవాద వృత్తిని విడిచిన ఆయన 1920లో అక్కడ బాలమందిరం ప్రారంభించారు. ఆయన రచించిన ‘దివాస్వప్న’లోని ఉపాధ్యాయుడు నాలుగో తరగతి పిల్లలకు మొదట పాఠం చెప్పడు, కథ చెబుతాడు. కథ రుచి మరిగిన పిల్లలకు పుస్తకాలు తామే కావలసినవవుతాయి.

ఇంట్లో చేయవలసినదీ ఇదే. రాత్రి పడుకునే ముందు ఒక కథ, తీరిక వేళ ఒక పొడుపు కథ చాలు. ‘పలక’ అన్న మాటలో మొదట వినిపించే ధ్వని ఏది? అదే ధ్వనితో మొదలయ్యేవి వంటింట్లో ఏమున్నాయి? పప్పు, పచ్చడి, పళ్లెం అని బిడ్డ వెదకి చెబుతుంది. మాట ధ్వనులుగా విడిపోతుందని గ్రహించిన బిడ్డకు అక్షరం అర్థవంతమవుతుంది.

తెలుగు లిపి విషయంలో ఒక విశేషం గమనించదగినది. అమ్మ, నాన్న, అక్క, అన్న, అవ్వ: ఇంట్లో అతి ప్రియమైన ఈ మాటలన్నిటిలోనూ ఒత్తులున్నాయి. వాచకాల క్రమంలో ఒత్తులు చివరకు వస్తాయి. ఆ క్రమాన్నే పట్టుకుంటే ‘అమ్మ’ అని చదవడానికి బిడ్డ ఎంతో కాలం వేచి ఉండాలి. కనుక వర్ణమాల నేర్పుతూనే, బిడ్డ పేరును, ఇంటివారి పిలుపులను పెద్ద అక్షరాలతో రాసి కళ్ల ముందు ఉంచడం మేలు. మాటను మొత్తంగా గుర్తించిన బిడ్డ క్రమంగా అందులోని అక్షరాలను పోల్చుకుంటుంది.

సూరత్, భివండీ మగ్గాల మధ్య, ఖరగ్‌పూర్ రైల్వే నివాసాలలో పెరిగే తెలుగు పిల్లల సమస్య మరొకటి. ఇంటి భాష ఒకటి, బడి భాష వేరొకటి. బడి కోసం ఇంటి భాషను మానిపించడం బిడ్డకు నష్టం. వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా మాతృభాషలో లేదా ఇంటి భాషలో బోధన సాగాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం సూచించింది. ఇంటి భాష బడి భాషకు అడ్డు కాదు, ఆసరా. ‘క’తో మొదలై కంఠం నుండి పెదవుల వరకు సాగే హల్లుల వరుస తెలుగు, గుజరాతీ, బంగ్లా, ఒడియా లిపులకూ, హిందీ, మరాఠీలు వాడే దేవనాగరికీ ఉమ్మడి సంపద. తెలుగులో ఆ వరుస నేర్చిన బిడ్డ మరొక లిపిలో కొత్త ఆకృతులను నేర్చుకుంటే సరిపోతుంది. రైల్వే స్టేషన్ పేరు పలకపై ఒకే పేరు ప్రాంతీయ భాషలో, హిందీలో, ఇంగ్లీషులో కనిపిస్తుంది. దానిని చూపి, ఊరు ఒకటే, లిపులు వేరని తండ్రి చెప్పగలిగితే అది మంచి పాఠమే.

చదువురాని తల్లి చేయగలిగినదీ తక్కువ కాదు. బొమ్మల పుస్తకం బిడ్డ చేతికిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, “తర్వాత ఏమయింది, నాన్నా?” అని అడిగితే చాలు. తప్పు చదివినప్పుడు కసరకపోతే చాలు. తన మాటకు వినేవారున్నారని తెలిసిన బిడ్డ మళ్లీ పుస్తకం తెరుస్తుంది. ప్రతి ఇంటా రోజుకు పావుగంట ఇందుకు కేటాయించినట్లయితే, బడిలో ఉపాధ్యాయుని శ్రమ సగం ఫలించినట్లే.