స్కాట్లండు వెండిపాత్రలు – వంశస్మృతి



నేడు నేను ముచ్చటించదలచినది స్కాట్లండు దేశపు పాత వెండి భోజనపాత్రలను గురించి. ఆ దూరదేశపు గిన్నెలతో మనకేమి పని అంటారేమో! వినిన పిమ్మట మీరే చెప్పండి.

వెండి మెత్తని లోహము. రాగి కలపనిదే పాత్ర గట్టిగా నిలువదు. ఎంత కలిపినదీ కంటికి తెలియదు. అందుచేత పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు మేలిమి వెండి ఉండవలెనని 1457లోనే అక్కడ చట్టము చేసినారు. 1720 నుండి వెయ్యింట 925 పాళ్లు ప్రమాణమైనది. పరీక్షకు నిలిచిన పాత్రపై ముద్రలు వేసేవారు. మూడు బురుజుల కోట ఎడింబరో నగరపు గుర్తు. అక్కడ 1681 నుండి సంవత్సరమును తెలిపే అక్షరము, 1759 నుండి తిసిల్ అనే ముళ్లపువ్వు చేరినవి. చెట్టు, పక్షి, చేప, గంట ఉంటే అది గ్లాస్గో. పనివాని పొడి అక్షరములు సరేసరి. కాబట్టి చిన్న చెంచా సైతము తన ఊరు, ఏడు, చేసినవాని జాడ చెప్పగలదు.

కాని అది ఏ ఇంటిదో ఆ ముద్రలు చెప్పవు. అక్కడ క్వేఖ్ అనే గిన్నె ఉన్నది. లోతు తక్కువ, పిడులు రెండు. అతిథికి పానీయమందించే పాత్ర. మొదట చెక్కబద్దలు కూర్చి చేసేవారు. వెండితో చేసిన తరువాత కూడా కొన్నింటిపై ఆ బద్దల గీతలు చెక్కినారు. పిడులపై తరచు ఆలుమగల పొడి అక్షరములుండును. పూర్వము ఆ దేశపు స్త్రీలు పెండ్లి అయినా పుట్టినింటి పేరు వదిలేవారు కారు. అందుచేత ఒక్క గిన్నెపై రెండు వంశములు నిలిచినవి.

ఇటువంటివి ఎన్నో కరిగిపోయినవి. కష్టకాలములో వెండిపాత్రే ఇంటి నిలువధనము కదా! మిగిలినవాటిలో కొన్నింటిపై పాత అక్షరములను అరగదీసి అమ్మినారు. అక్కడ వెండి పలుచనగును. నోటి ఆవిరి ఊదితే చెరిపిన జాడ కొన్నిసార్లు బయటపడును. ఎవరూ చెరపకున్నా, ఆ అక్షరములెవరివో చెప్పేవారు లేకపోతే అది ఉత్త తూకపు వెండియే.

మన పెట్టెలలోనూ పెండ్లినాటి వెండిచెంబులు, పళ్లెములు ఉన్నవి. వాటిపై తాతల పేర్లు తెలుగు లిపిలో ఉన్నవి. మన పిల్లలు బడిలో నేర్చే లిపి వేరు. రేపు ఆ పేరు చదివేవారెవరు? ఈ ఉగాది పండుగనాడు చెంబు బయటికి తీయండి. ఆ పేరు పిల్లలచేత చదివించండి. ఎవరిచ్చినది, ఏ ఊరిది, ఏ పెండ్లిది అన్న నాలుగు ముక్కలు కాగితముపై వ్రాసి అందులోనే ఉంచండి.

సెలవు.