బిగుసుకుపోయిన బ్రేకు డ్రమ్ము



ఈవేళ నేను ఎత్తుకున్న విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. ఊరగాయలూ, పిల్లల చదువులూ వదిలిపెట్టి ఈవిడకు కారు చక్రాల గొడవ ఎందుకమ్మా అనుకోవచ్చు. అయితే కారు ఇంటి ముందర నిలబడి ఉన్నప్పుడు అది మగవాళ్ళ వస్తువే గానీ, దానికింద దూరి పనిచేసేవాడు మన భర్తో, కొడుకో, మన వీధి మెకానిక్కో అయినప్పుడు ఆ సంగతి మనకూ కొంచెం తెలిసి ఉండాలి గదా! చివరకు ఆ మసి బట్టలు ఉతికేది కూడా మనమే. ఆ బట్టల సంగతి చెప్పడానికే ముఖ్యంగా ఈ ప్రసంగం. ముందు డ్రమ్ము సంగతి చెబుతాను.

మా గుంతకల్లులో రైలు ఇంజన్లకు ఎంత మర్యాద ఉందో, పాత కార్లకూ అంత మమకారం ఉంది. వేపచెట్టు కిందనో, రేకుల షెడ్డులోనో ఒక అంబాసిడరు పాత దుప్పటి కప్పుకుని నిలబడి ఉంటుంది. పెద్దాయన నడిపిన బండి, అమ్మడానికి మనసు రాదు, నడపడానికి ఎవరికీ తీరిక లేదు. 1950ల చివర్లో మొదలైన అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా అదే 2014 జనవరిలో ఆగింది. కాబట్టి ఈ రెండింటిలో మీ ఇంట్లో ఏది ఉన్నా అది ఇప్పుడు పాత బండి కిందే లెక్క.

మా ఇంట్లోనూ మా మామగారి అంబాసిడరు ఉంది. రిజిస్ట్రేషను మళ్ళీ చేయించాలంటే బండి నడిచి వెళ్ళాలి, బ్రేకులు పట్టాలి. పదిహేనేళ్ళు దాటిన సొంత కార్లకు ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి ఒక్కసారిగా 5,000 అయింది. 2025లో ఇరవై ఏళ్ళు దాటినవాటికి ఇంకా పెంచారు. అంత కట్టి ఈ ఇనుము ఎందుకమ్మా, తూకానికి అమ్మేద్దాం అంటాడు మా పెద్దబ్బాయి. మావారు మాత్రం ఆ మాట వినపడనట్టు పేపరు తిరగేస్తారు. నాలుగేళ్ళుగా నిలబడిన ఆ బండి వెనక చక్రం ఒకటి అంగుళం కదలలేదు. అలా మా ఇంట్లో ఈ పాఠం మొదలైంది.

చక్రం విప్పితే లోపల పెద్ద మూకుడు బోర్లించినట్టు కనబడేదే డ్రమ్ము. పోత ఇనుముతో చేసింది. దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలుంటాయి, వాటికి లైనింగు అంటించి ఉంటుంది. బ్రేకు తొక్కితే ఆ షూలు విచ్చుకుని తిరిగే డ్రమ్మును లోపలినుంచి ఒత్తిపట్టుకుంటాయి. కొత్త కార్లలో ముందు చక్రాలకు డ్రమ్ముకు బదులు పళ్ళెంలాంటి డిస్కు ఉంటుంది, దాన్ని రెండువైపుల నుంచీ ప్యాడ్లు పట్టకారుతో పట్టినట్టు పడతాయి. మన స్టేషనులో కూడా ఈ తేడా చూడవచ్చు. పాత నీలిరంగు పెట్టెల్లో బ్రేకు దిమ్మె నేరుగా చక్రం అంచునే ఒత్తుతుంది. కొత్తగా వచ్చిన ఎర్ర పెట్టెల ఇరుసులకు డిస్కులున్నాయి.

ఏడాదికి యాభై అయిదు సెంటీమీటర్లు వాన పడటమే గగనమైన మన అనంతపురం సీమలో ఇనుముకు తుప్పేమిటి అని నేనూ అడిగాను. వాన అక్కర్లేదట. బోరునీళ్ళతో బండి కడిగి అలాగే నిలబెడితే చాలు. మన బోర్లలో నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయో బిందె అడుగున పేరుకునే తెల్లటి పొలుసే చెబుతుంది. ఆ ఉప్పు తడి సందుల్లోకి దిగి, ఆరినట్టు పైకి కనబడుతూ, లోపల తన పని చేస్తూనే ఉంటుంది.

డ్రమ్ము రాకపోవడానికి కారణాలు మూడు, మూడింటికీ మందు వేరు. ఏ జబ్బో తెలియకుండా సుత్తి ఎత్తేవాణ్ణి చూస్తే నాకు భయం. చక్రం పైకెత్తి చేత్తో తిప్పితే అసలు తిరగకపోతే, షూలే డ్రమ్ముకు అంటుకుపోయాయని అర్థం. హ్యాండ్ బ్రేకు లాగి నెలల తరబడి వదిలేసిన బండ్లకు ఇలా అవుతుంది. తిరుగుతుంది గానీ బయటికి రాకపోతే, డ్రమ్ము మధ్య కన్నం హబ్బు మీద తుప్పుతో కరుచుకుని ఉంది. ఇక తిరుగుతుంది, ఒక గింజంత బయటికి వచ్చి అక్కడే ఆగిపోతుంది అంటే, ఏళ్ళ తరబడి షూ రాసుకుని డ్రమ్ము లోపల గుంట పడింది, అంచున గట్టు మిగిలింది, ఆ గట్టుకు షూలు అడ్డం తగులుతున్నాయి. ఇలాంటప్పుడు ఎంత కొట్టినా లాభం లేదు. అడ్జస్టరును వెనక్కి తిప్పి షూలను దగ్గరికి ముడవాలి. తర్వాత డ్రమ్ము పువ్వులా వచ్చేస్తుంది. మా ఇంటి బండికి మొదటి జబ్బూ రెండో జబ్బూ కలిసి వచ్చాయి.

పని మొదలుపెట్టే ముందు బండి నిలకడ చూసుకోవాలి. దీని గురించి మీరు గట్టిగా గొడవపడాలి, గయ్యాళి అన్నా ఫరవాలేదు. జాకీ బండిని ఎత్తడానికే, పట్టి ఉంచడానికి కాదు. వెనక డ్రమ్ము తీసేటప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలేయాలి కాబట్టి బండిని ఆపేది ఏదీ ఉండదు. అందుకని నేలమీదున్న చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాలి, ఎత్తిన చోట స్టాండు పెట్టాలి. స్టాండు లేకపోతే వెడల్పాటి గట్టి కర్ర దిమ్మెలు. మా ఊళ్ళో పాత రైలు స్లీపరు చెక్క ముక్కలు ఇంకా కొందరి పెరళ్ళలో ఉన్నాయి, వాటిని మించినవి లేవు. ఇటుకలు మాత్రం వద్దు. బరువుకు నిట్టనిలువునా పగిలి కూర్చుంటాయి. విప్పిన చక్రాన్ని కూడా గోడకు ఆనించకుండా బండి కిందికి తోసి ఉంచితే, ఏదైనా జరిగినా మనిషికీ ఇనుముకీ మధ్య అది అడ్డం ఉంటుంది.

షూలు అంటుకున్న జబ్బుకు మొదటి మందు ఓపిక. హ్యాండ్ బ్రేకు వదిలినా దాని తీగ గొట్టంలో తుప్పుపట్టి వెనక్కి రాకపోవచ్చు, అది చూడాలి. డ్రమ్ము చుట్టూ కర్ర దిమ్మె అడ్డంపెట్టి తట్టుకుంటూ పోతే చాలాసార్లు ‘టప్’మని వదిలేస్తుంది. కొందరు తాడు కట్టి ఇంకో బండితో లాగిస్తారు. చక్రం తిరగకుండా రోడ్డుమీద ఈడ్చుకుపోతుంది, లైనింగు షూ నుంచి ఊడి లోపల అడ్డం పడుతుంది. మొత్తం చెడగొట్టుకోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు.

హబ్బు దగ్గర కరుచుకున్నదానికి ముందు చిన్న స్క్రూలు తీయాలి. అంబాసిడరు డ్రమ్మును హబ్బుకు పట్టి ఉంచేవి అవే. వాటి గాట్లలో మట్టి, రంగు నిండి ఉంటాయి. సూదితో గీకి శుభ్రంచేసి, గాటుకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరు పెట్టి, వెనక సుత్తితో నాలుగు దెబ్బలు వేసి అప్పుడు తిప్పాలి. తొందరపడితే గాటు అరిగిపోయి డ్రిల్లు పెట్టాల్సి వస్తుంది. తర్వాత నడుమ చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి, రాత్రంతా నాననివ్వాలి. పప్పు నానబెట్టకుండా రుబ్బితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పొద్దున మళ్ళీ పోసి, అప్పుడు కొట్టాలి. కొట్టేది కూడా అంచుమీద కాదు. పోత ఇనుప పెనం నేలమీద పడితే ఎలా పగులుతుందో మనకు తెలుసు, డ్రమ్ము అంచూ అదే జాతి. బోల్టుల మధ్య, హబ్బుకు దగ్గరగా, దిమ్మె అడ్డంపెట్టి, ఒకచోటే కాకుండా గుండ్రంగా తిప్పుతూ కొట్టాలి. ఆ అదురుకు తుప్పు పొడి అవుతుంది.

కొన్ని కార్ల డ్రమ్ములకూ డిస్కులకూ ముఖాన రెండు చిన్న మరల కన్నాలుంటాయి. చాలామంది వాటిని చూసి ఏదో బోల్టు పోయిందనుకుంటారు. అవి విప్పడానికే పెట్టినవి. ఆ మరకు సరిపోయే బోల్టులు రెండిట్లోనూ పెట్టి, ఇటు అర చుట్టు అటు అర చుట్టు బిగిస్తూ పోతే, బోల్టు కొన హబ్బును తన్ని డిస్కును బయటికి నెడుతుంది. సుత్తి ముట్టుకోకుండా పని అయిపోతుంది. ఒకవైపే బిగిస్తే మాత్రం వంకర తిరిగి ఇంకా బిగుసుకుంటుంది.

దేనికీ లొంగకపోతే వేడి చేస్తారు. స్టీలు గ్లాసులో గ్లాసు ఇరుక్కుంటే మనం బయటి గ్లాసును వేణ్ణీళ్ళలో పెట్టి, లోపలి గ్లాసులో చన్నీళ్ళు పోస్తాం గదా, అదే శాస్త్రం. మన పల్లెల్లో ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా వేసేవాళ్ళూ ఇదే చేసేవారు. పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, కర్ర చక్రం మీదికి ఎక్కించి, బుస్సుమని నీళ్ళు పోస్తే అది ముడుచుకుని బిగుసుకునేది. ఆవిరి ఇంజను చక్రాలకు ఉక్కు టైర్లు తొడిగిందీ ఇలాగే. పల్లె కమ్మరికీ లోకోషెడ్డుకూ ఒకే విద్య! కాకపోతే డ్రమ్ము వెనక రబ్బరు వాషర్లు, గ్రీజు, బ్రేకు నూనె ఉంటాయి. ఇంటిదగ్గర మంట పెట్టే పని కాదు, తెలిసిన మెకానిక్కుకే వదలాలి.

ఇంకో మాట. డ్రమ్ము తీసి ఉన్నప్పుడు ఎవరైనా “అమ్మా, కూర్చుని ఒకసారి బ్రేకు తొక్కు” అంటే తొక్కకండి. ఒత్తే డ్రమ్ము లేనప్పుడు లోపలి చిన్న పిస్టన్లు హద్దు దాటి బయటికి దూకుతాయి, నూనె అంతా కారిపోతుంది. “డ్రమ్ము పెట్టారా?” అని అడిగి అప్పుడు తొక్కండి.

ఇప్పుడు ఆ బట్టల విషయం. డ్రమ్ము ఊడగానే లోపల గుప్పెడు నల్లటి మెత్తని పొడి ఉంటుంది. అది లైనింగు అరిగిన పొడి. పాతకాలపు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్, అంటే రాతినార, కలిపేవారు. వేడికి కాలదు, చవక, అందుకని. చూసి ఇందులో ఉందో లేదో చెప్పలేం కాబట్టి పాత బండి అయితే ఉందనే అనుకోవాలి. ఆ నార ఎంత సన్నమంటే ఊపిరితో లోపలికి పోతే మళ్ళీ రాదు. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు కాన్సరు తెస్తుంది, అదీ ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. 1965లో లండనులో మ్యూరియల్ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ జబ్బు వచ్చినవాళ్ళ చరిత్రలు తిరగేస్తే, ఎన్నడూ ఫ్యాక్టరీ గడప తొక్కనివాళ్ళు కూడా అందులో కనబడ్డారు. వాళ్ళ ఇంటివాళ్ళు రాతినార ఫ్యాక్టరీలో పనిచేసేవారు. కొందరు చేసిన పని ఆ బట్టలు దులిపి ఉతకడమే.

మా వీధిలో ఒకామె ఉంది. ఆమె మొగుడు ముప్ఫై ఏళ్ళుగా బ్రేకు పనివాడు. డ్రమ్ము తీయగానే నోటితో ‘ఫూ’ అని ఊదడం అతని అలవాటు. రోజూ సాయంత్రం ఆమె ఆ ఖాకీ చొక్కా వాకిట్లో రెండుసార్లు దులిపి బకెట్లో వేస్తుంది. పక్కనే మనవడు ఆడుకుంటూ ఉంటాడు. “అక్కా, ఈయన దగ్గు దీనివల్లేనంటావా?” అని అడిగింది. ఆ మాట నేను చెప్పలేను. దగ్గుకు బీడీ ఉంది, క్షయ ఉంది, ఇంకెన్నో ఉన్నాయి. ఆస్పత్రికి తీసుకుపోయి, ఏం పని చేస్తాడో డాక్టరుకు తప్పకుండా చెప్పమన్నాను. మనవాళ్ళు డాక్టరు దగ్గర జబ్బు చెబుతారు గానీ చేసే పని చెప్పరు. దులపడం మాత్రం ఆ రోజే మాన్పించాను.

ఏం చేయాలంటే, ఆ పొడిని ఊదకూడదు, పొడిగుడ్డతో తుడవకూడదు, గాలి గొట్టం పెట్టకూడదు. సబ్బునీళ్ళు పిచికారీ చేసి తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పారేయాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. పనిబట్టలు వాకిట్లోనే విప్పించి, దులపకుండా నేరుగా నీళ్ళలో ముంచి, ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. ముక్కుకు కట్టుకునే చేతిరుమాలు ఈ నారను ఆపలేదు. దానికి తగిన మాస్కు కావాలి, ఉన్నా సరే తడపడం మానకూడదు. కొత్త లైనింగు కొనేటప్పుడు రాతినార లేనిదని డబ్బామీద రాసి ఉన్నదే అడగండి.

మా డ్రమ్ము మూడోనాటి పొద్దున వదిలింది. హబ్బు మీది తుప్పును ఉప్పుకాగితంతో రుద్ది, అక్కడ మాత్రం పల్చగా గ్రీజు పూయించాను, ఈసారి కరుచుకోకుండా. షూలు తాకే లోపలి ముఖానికి గ్రీజు మరక కూడా తగలకూడదు, తగిలితే బ్రేకు పట్టదు. బండి కడిగిన రోజున వీధి చివరిదాకా నడిపి, రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు తొక్కి ఆరబెట్టి మరీ షెడ్డులో పెట్టాలని, ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు హ్యాండ్ బ్రేకు లాగకుండా గేరులో ఉంచి చక్రాలకు దిమ్మెలు పెట్టాలని మావారికి చెప్పాను. లోపలి గట్టును లేతు మీద కొట్టించవచ్చు గానీ, డ్రమ్ము ఎంతవరకు పల్చబడవచ్చో కంపెనీవాళ్ళు ఒక హద్దు పెడతారు, అది దాటితే కొత్తది వేయాల్సిందే. ఒకవైపు షూలు మారిస్తే రెండోవైపూ మార్చాలి, లేకపోతే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒకవైపుకు లాగుతుంది. అన్నీ బిగించాక ముందు నిలబెట్టి పెడలు గట్టిపడేదాకా తొక్కి చూడాలి, తర్వాత ఖాళీ స్థలంలో నడక వేగంతో, ఆ తర్వాతే రోడ్డు. మా బండి ఇంకా వీధి చివరిదాకానే వెళ్ళింది. రిజిస్ట్రేషను సంగతి తండ్రీకొడుకులు తేల్చుకుంటారు.