మనవలకి ఏ నవల ఇద్దాం?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు కమ్యుటేషన్ గురించో, మెడికల్ బిల్లుల గురించో అడుగుతారనుకున్నాను. ముప్ఫై మూడేళ్లు లెక్కలు చూసినవాణ్ణి కనక అదైతే తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఆయనేమో, "మీ ఇంటికి వచ్చినప్పుడల్లా మీరూ మీ మనవరాలూ పుస్తకాల గురించి పోట్లాడుకుంటూ కనిపిస్తారు. ఆ సంగతి చెప్పండి" అన్నారు. నేను సాహిత్యవేత్తను కాను. చదువరిని, అంతే. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా మనవరాలికి పదిహేనేళ్లు. ఇంగ్లీషు పుస్తకాల షాపులో ఈ వయసు వాళ్లకి వేరే బీరువా ఉంటుంది. దాన్ని 'యంగ్ ఎడల్ట్' అంటారు. అంటే పదమూడు మొదలు పద్దెనిమిది దాకా అన్నమాట. మనకి బాలసాహిత్యం ఉంది, అది దాటితే ఒక్కసారిగా పెద్దవాళ్ల నవలలే. మన రోజుల్లో ఆ మధ్య కాలవ మీద బల్ల మనమే వేసుకుని దాటాం. 'చందమామ'లో 'తోకచుక్క', 'కంచుకోట', 'రాకాసిలోయ' వంటి సీరియల్స్ కోసం నెలంతా ఎదురుచూసిన వాళ్లు ఈ సభలో సగం మంది ఉంటారు. వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారని మనలో చాలామందికి ముసలితనంలో గాని తెలియలేదు, ఎందుకంటే అప్పట్లో పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. ఆ తరవాత కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్. ఆ పుస్తకాలు చదివినందుకు నేను మా నాన్నగారి చేత దెబ్బలు తిన్నాను. అయినా నాకు బుద్ధి రాలేదని చెప్పడానికి సిగ్గుపడుతూనే ఒక సంగతి చెబుతాను.

1994లో మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫిజిక్సు పుస్తకం మధ్యలో మరో పుస్తకం పెట్టుకుని చదువుతోంది. అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకున్న యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ'. అట్ట ఊడిపోయి గోధుమరంగు కాగితం అతికించిన పాత ప్రతి. ఇంట్లో చుట్టాలున్నారు. వాళ్లందరి ఎదుటా ఆ పుస్తకాన్ని లాక్కుని రెండుగా చింపేశాను. మర్నాడు షాపువాడికి పుస్తకం ఖరీదు నేనే కట్టాల్సి వచ్చింది. ఖరీదు కంటే ఎక్కువే పుచ్చుకున్నాడు, ఆ కోపం కూడా అమ్మాయి మీదే చూపించాను. అది ఏడవలేదు. ఆ తరవాత పెళ్లయి వెళ్లేదాకా నా ఎదుట పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం తెరవలేదు. నేనేమో పిల్ల దారిలో పడిందని సంతోషించాను.

2006లో రిటైరయ్యాక పొద్దుపోక ఆ నవల తెచ్చుకుని చదివాను. మధ్యతరగతి ఇంటి అమ్మాయి, జయంతి, ఉద్యోగం కోసం వెళుతుంది. యజమాని ధనవంతుడు, అందగాడు. ఆ పిల్ల మాత్రం తన ఆత్మాభిమానం వదులుకోదు. కారూ, బంగళా, పొడుగాటి హీరో, ఇవన్నీ కాస్త ఎక్కువయ్యాయని ఇప్పటికీ అంటాను. కాని ఉద్యోగానికి పోయే ఆడపిల్ల తలెత్తుకుని ఎలా నిలబడాలి అన్న విషయం ఆ వయసు పిల్లకి నేను ఏనాడైనా చెప్పానా? చెప్పలేదు. చెప్పే పుస్తకాన్ని చదవకుండానే చింపాను.

ఇప్పుడు మనవరాలి సంగతి. మొదట నేను దానికి సిఫార్సులు మొదలుపెట్టాను. "మా కాలంలో" అని నేను నోరు తెరిస్తే ఆ పిల్ల ఫోను తెరిచేది. ఆరు నెలలు గడిచాక ఒప్పందానికి వచ్చాం. అది చెప్పిన పుస్తకం ఒకటి నేను చదవాలి, నేను చెప్పింది ఒకటి అది చదవాలి. నచ్చకపోతే యాభై పేజీల దగ్గర ఆపే హక్కు ఇద్దరికీ ఉంది. ఈ హక్కు ముఖ్యం. ఎదిగే పిల్లలకి పుస్తకం ఇవ్వడం కంటే వద్దనే స్వేచ్ఛ ఇవ్వడమే మనకి కష్టం.

దాని వంతు కింద నేను మొదట చదివింది 'ది బుక్ థీఫ్'. మార్కస్ జూసక్ అనే ఆస్ట్రేలియా రచయిత 2005లో ప్రచురించిన నవల. హిట్లర్ కాలపు జర్మనీ. కథ చెప్పేది సాక్షాత్తూ మృత్యువు. లీజెల్ అనే పిల్లకి చదవడం రాదు. పెంపుడు తండ్రి రంగులు వేసే పనివాడు, ఆయనకీ చదువు అంతంత మాత్రమే. పిల్ల పీడకలలతో లేచిన రాత్రుళ్లు పక్కన కూర్చుని అక్షరాలు నేర్పుతాడు. ఒకచోట నాజీలు పుస్తకాలు కుప్పపోసి తగలబెడతారు. ఆ పిల్ల ఆ బూడిదలోంచి ఇంకా కాలకుండా మిగిలిన పుస్తకం ఒకటి తీసి చొక్కాలో దాచుకుంటుంది. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు వాకిట్లో పచారు చేశాను. మనవరాలికి పాత సంగతి తెలియదు. "బోరు కొట్టిందా తాతయ్యా?" అంది. లేదన్నాను.

నా వంతు కింద ఇచ్చిన వాటిలో గెలిచినవీ ఉన్నాయి, ఓడినవీ ఉన్నాయి. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశం' గెలిచింది. 1924లో మొదటి భాగం వచ్చింది, నూరేళ్లు దాటినా నవ్వు వాడలేదు. మొగల్తూరు కుర్రవాడు ఇంగ్లండు ప్రయాణం కట్టడం కదా, అమెరికా వీసా కోసం తిరిగే పిల్లలకి అది పాత కథలా అనిపించలేదు. అయితే మొదటి భాగం మాత్రమే ఇవ్వండి. మూడూ ఒకేసారి చేతిలో పెడితే మొదటిది కూడా చదవరు.

అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' ఓడిపోయింది. నాకు ప్రాణమైన నవల. నలభై పేజీలకే వెనక్కి వచ్చింది. వర్ణనలు ఎక్కువట. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు కాని ఒప్పందం ఒప్పందమే.

డాక్టర్ పి.శ్రీదేవిగారి 'కాలాతీత వ్యక్తులు' మాత్రం పదహారు, పదిహేడేళ్ల పిల్లలున్న ప్రతి ఇంట్లో ఉండవలసిన పుస్తకమని నా గట్టి అభిప్రాయం. 1957లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చింది. 1963లో వచ్చిన 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకి మూలం ఇదే. సినిమా చూసి నవల తెలుసనుకోకండి. అందులో ఇందిర ఉద్యోగం చేసి, బాధ్యత లేని తండ్రిని పోషిస్తూ, తన బతుకు తానే నిర్ణయించుకుంటుంది. మంచిదా, చెడ్డదా అని తేల్చి చెప్పలేం. మా ఇంట్లో మూడు రోజులు ఆమె మీదే వాదన. మనవరాలు ఇందిర పక్షం, మా ఆవిడ కల్యాణి పక్షం, నేను గుమస్తాలా ఇద్దరి వాదనలూ విన్నాను. రచయిత్రి 1961లో చిన్న వయసులోనే పోయారు. ఇంకో నాలుగు నవలలు రాసి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

మగపిల్లలు నవల అనగానే ముఖం తిప్పుకుంటారని కొందరు మిత్రులు అంటారు. వాళ్లకి డాక్టర్ కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు' ఇచ్చి చూడండి. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది ఇంటికి రాకపోతే దాన్ని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి పోతాడు. కథంతా ఆ రాత్రే. చిన్న పుస్తకం, మొదలుపెడితే ఆపలేరు. ముగింపు చెప్పను. అలాగే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి 'కొండపొలం'. కరువులో గొర్రెల మందలతో నల్లమల ఎక్కే కాపరుల వెంట, ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరకని కుర్రవాడు వెళతాడు. తానా నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో సినిమాగా వచ్చింది. ఉద్యోగం రాలేదని గదిలో తలుపేసుకు కూర్చునే పిల్లలు మన ఇళ్లలో ఎందరు లేరు? "ధైర్యంగా ఉండరా" అని మనం వందసార్లు అనే బదులు ఈ పుస్తకం మంచం మీద పెట్టి ఊరుకోవడం మేలు.

దాశరథి రంగాచార్యగారి 'చిల్లర దేవుళ్లు' కూడా ఇవ్వవచ్చు. పోలీసు చర్యకి ముందు తెలంగాణ పల్లెలో దొరల పెత్తనం ఎలా ఉండేదో అందులో కనిపిస్తుంది. కాని అందులో ఆడవాళ్లకి జరిగే అన్యాయాలు కఠినంగా ఉంటాయి. ముందు మీరు చదవండి, పిల్లలు చదివాక పక్కన కూర్చుని మాట్లాడండి. ఇచ్చేసి పేపరు వెనక దాక్కోవద్దు.

అనువాదాల్లో నండూరి రామమోహనరావుగారి 'టామ్ సాయర్', 'హకల్‌బెరీ ఫిన్', 'కాంచన ద్వీపం' పదమూడేళ్ల వాళ్లకి. అవి తెలుగులోనే పుట్టాయా అన్నట్టుంటాయి. ఐత్‌మాతోవ్ 'తొలి ఉపాధ్యాయుడు' మన విశాలాంధ్ర సంచార పుస్తకశాల రోజులు గుర్తున్నవాళ్లకి చెప్పనక్కరలేదు. సహవాసిగారు తెలుగు చేసిన 'ఏడు తరాలు' కొంచెం పెద్ద పిల్లలకి.

ఇంతకీ అసలు చిక్కు, "మా మనవడికి తెలుగు చదవడం రాదండీ" అన్నది. మా ఇంట్లోనూ అదే. కూడబలుక్కుని చదువుతుంది, ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. అందుకని రాత్రి భోజనాలయ్యాక నేను పైకి చదివేవాణ్ణి. పార్వతీశం ఓడ ఎక్కే దగ్గర గొంతు నొప్పి అని ఆపేశాను. నిజంగా నొప్పి లేదు. మర్నాడు మధ్యాహ్నం అది వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదువుకుంటూ తరవాతి ప్రకరణంలో ఉంది. డెబ్బై ఐదు దాటాక ఒక అబద్ధం ఆడాను, చిత్రగుప్తుడు ఏమైనా రాసుకోనీ.

కొనాలంటే ఖర్చు అనకండి. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. డి.ఏ. బకాయి ఒక్క రూపాయి వదలని వాళ్లం, ఆ పన్నుకి తగ్గ పుస్తకాలు తెచ్చుకోవడానికి మొహమాటం దేనికి?

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి వచ్చింది. కొత్త 'సెక్రటరీ' కొని దాని గదిలో బల్ల మీద పెట్టాను. ఏమీ చెప్పలేదు, చెప్పడానికి నోరు రాలేదు. రాత్రి పన్నెండున్నరకి మంచినీళ్లకి లేస్తే ఆ గదిలో లైటు వెలుగుతోంది. పొద్దున్న కాఫీ ఇస్తూ, "అప్పుడు ఎంతదాకా చదివానో నాకు గుర్తుంది నాన్నా" అంది. అంతే, మరో మాట అనలేదు. నేను కాఫీ చల్లారేదాకా గ్లాసు పట్టుకునే కూర్చున్నాను.

సంఘం గదిలో ఖాళీగా ఉన్న బీరువాని పిల్లల నవలలకి ఇవ్వడానికి కార్యవర్గం ఒప్పుకుంది. తాళం కార్యదర్శిగారి దగ్గర ఉంటుంది, లైఫ్ సర్టిఫికెట్ల కోసం వచ్చినప్పుడు మనవల్ని కూడా తీసుకురండి. నేను పన్నెండు పుస్తకాలు తెచ్చాను. 'సెక్రటరీ' మాత్రం అందులో లేదు, అది అమ్మాయి పట్టుకుపోయింది.