చిన్ని యుద్ధనౌకలకు పీఠములు

(మన సంఘ భవనమున బాలబాలికల నౌకా నమూనాల ప్రదర్శనయందు చేసిన ప్రసంగము)



బల్లపై పరచిన నీలివస్త్రమును సముద్రముగా భావించి, వ్రేలెడు యుద్ధనౌకలను నడిపి, కొలబద్దతోను పాచికలతోను నాటి నౌకాయుద్ధములను మరల ఆడి చూచుట మన పిల్లలు నేర్చిన వినోదము. ఇది క్రొత్తది కాదు. ఇంగ్లండునందు ఫ్రెడ్ జేన్ అను నతడు 1898లోనే ఇట్టి యాటకు నియమములను ప్రకటించెను. పిల్లలకు యుద్ధపుటాట లేలయని మన పెద్దలు కొందరు మమ్ము ప్రశ్నించిరి. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము ఓడలో కాక, ఓడక్రింది పీఠమున నున్నదని మా యభిప్రాయము.

పీఠ మెందుకో మొదట చెప్పెదము. ఈ నమూనాలు మూడువేలవ వంతు కొలతవి. పాత విక్రాంత్ పొడవు 213 మీటర్లు. ఇచ్చట 7 సెంటీమీటర్లు. 1971 డిసెంబరు 4వ తేదీ రాత్రి కరాచీపై దాడికి పోయిన నిర్ఘాత్ అను క్షిపణి పడవ ఇచ్చట చింతగింజంత మాత్రమే. దానిని వ్రేళ్లతో పట్టి జరిపినచో స్తంభము విరుగును, రంగు చెదరును. పీఠమున్నచో చేయి పీఠమునకే తగులును.

అట్టతో చేసిన పీఠము రంగు తడికి వంగును. కావున మిల్లీమీటరున్నర మందముగల ప్లాస్టిక్ రేకు గాని, పలుచని ప్లైవుడ్ గాని మేలు. అట్టయే దొరకినచో రెండువైపులను రంగు పూయవలెను. లప్పము పలుచగా పూసి తడికుంచెతో పొడిచినచో అలలు లేచును. నడిసముద్రము పటములలోవలె లేతనీలముగా నుండదు. నీలమునకు నలుపు, ఆకుపచ్చ కొంచెము కలుపవలెను. ఓడ వెనుక తెల్లని నురుగుచాలు సన్నగా దిద్దినచో అది యే దిక్కునకు పోవుచున్నదో దూరమునుండియే తెలియును. ఓడకు వేరుగా రంగువేసి చివర నంటింపవలెను. నీటికి మెరుగు వార్నీషు, ఓడకు మెరుపులేని వార్నీషు తగును. పీఠముక్రింద అయస్కాంతపు రేకు నంటించి ఇనుప రేకుడబ్బాలో నుంచినచో ప్రయాణమున ఓడలు దొర్లవు.

ఇక కొలత. వర్తకులమగుటచే దీనియందు మాకు పట్టుదల ఎక్కువ. సముద్రమునకును అదే కొలత పాటించినచో ఒక సెంటీమీటరు 30 మీటర్లగును. ఒక నౌకామైలు సుమారు 62 సెంటీమీటర్లగును. సొగసుకై పీఠమును ముందునకు సెంటీమీటరు పెంచి, అంచునుండి దూరము కొలుచువాడు తన ఓడను 30 మీటర్లు ముందునకు జరిపినట్లే. కావున ఒక తరగతి ఓడలకెల్ల ఒకే కొలత పీఠము చేయుడు. దూరమును ఓడ నడిమి స్తంభమునుండి కొలువుడు. ఆటలోనైనను కొలత తప్పరాదు.

కడపట పేరు. పీఠపు వెనుకయంచున ఓడపేరు వ్రాయుట ఆచారము. నేటి ప్రదర్శనలో ఒక్క పీఠముపైనను తెలుగక్షరము మాకు కానరాలేదు. బడిలో నేర్చిన లిపిని మానుమని మేము చెప్పము. దాని ప్రక్కన తెలుగు పేరును ఉండవలెను.

ఇదిగో ఖుక్రీ, 3 సెంటీమీటర్ల ఓడ. 1971 డిసెంబరు 9వ తేదీ రాత్రి డయ్యూ సమీప సముద్రమున, హాంగోర్ అను పాకిస్తాను జలాంతర్గామి ప్రయోగించిన టార్పెడోచే ఖుక్రీ మునిగెను. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిరి. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడువక దానితోనే మునిగెను. డయ్యూలో సముద్రమున కెదురుగా ఆ యోడ నమూనాను అద్దాల గదిలో నిలిపి స్మారకము కట్టిరి. అదియును పీఠముపై నిలిచిన చిన్న ఓడయే.

ఆటలో ఖుక్రీ మునిగినప్పుడు పిల్లలు కేరింతలు కొట్టి డబ్బాలో వేయుట మేము చూచితిమి. తప్పు వారిది కాదు. మనము వారికి చెప్పలేదు. అందుచే మా మనవి యిది: పీఠముక్రింద మునిగిన తేదీని, మరణించినవారి సంఖ్యను తెలుగున వ్రాయుడు. ఓడను బల్లనుండి తీయువాడు పీఠము త్రిప్పి, బిగ్గరగా చదివి తీయవలెను. ఎదుటిపక్షపు ఓడకును అట్లే చేయవలెను. ఆ డిసెంబరులోనే విశాఖపట్నము చెంత మునిగిన ఘాజీలో ఒక్కరును బ్రదుకలేదు. వారును తల్లులు కన్నబిడ్డలే.

అట్లాడినచో పెద్దల ప్రశ్నకు సమాధానము పిల్లల నోటనే, తెలుగున వినబడును. వచ్చు ఆదివారము సంఘ భవనమున ప్లాస్టిక్ రేకును, రంగులను మా ఖర్చుతో నుంచెదము. తెలుగు వ్రాయనేరని పిల్లలకు అవ్వలు, తాతలు తోడుగా రావలెనని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాము.